మా మిల్లు గాలి సారు

పోయిన నెల నాగర్‌కర్నూల్ బస్టాండులో ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. గద్వాల దారం మిల్లులో నాతో పనిచేసిన మనిషి. పిల్లల సంగతులూ మోకాళ్ల నొప్పుల సంగతులూ అయ్యాక, వచ్చే బస్సు బోర్డు చదువుకుంటూ మామూలుగా అన్నది.

"గాలి సారు పోయిండంట, తెల్వదా? పది దినాలాయె. గుండె ఆగిందంట."

ఆమె బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. కాసేపటికి నా బస్సు కూడా వచ్చి వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను.

గాలి సారు అంటే కొత్తవాళ్లు తిట్టు అనుకునేవారు. ఆ పేరు పెట్టింది పాత షెడ్డు ఆడవాళ్లు, ప్రేమగానే పెట్టారు. ఆయన పనేమిటో చెబితే గానీ ఆ పేరు అర్థం కాదు.

మా మిల్లులో రెండు షెడ్లు ఉండేవి. కొత్త షెడ్డు ఏడాది పొడుగునా నడిచేది. పాత షెడ్డులో దారం చుట్టే మిషన్లు బాగా పాతవి, కరెంటు తెగ తాగేవి. వాటి మీద పనిచేసే నలభై మందీ ఆడవాళ్లే, అందరూ రోజుకూలీలే. మామూలు కరెంటు రేటుకు పాత షెడ్డు నడిపితే నష్టమని యజమాని లెక్క. బజారులో చౌక కరెంటు దొరికిన రోజే దాన్ని తిప్పాలి. దొరకని రోజు తాళం.

కరెంటుకు కూడా బజారు ఉంటుందని నాకు అక్కడ చేరేదాకా తెలియదు. రేపటి కరెంటును ఈ రోజే కొనుక్కోవాలి. పొద్దున పది దాటాక సారు కంప్యూటరు ముందు కూర్చుని, రేపు మనకెంత కావాలి, యూనిట్‌కు ఎంతవరకు పెట్టగలం అని రాసి పంపేవారు. దేశమంతటా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అలాగే రాసి పంపుతారు. భోజనాల వేళకు ధర తేలేది. తేలిన ధర మనం రాసినదాని కంటే ఎక్కువైతే మనకు కరెంటు రాదు.

అప్పుడు సారు సుద్దముక్క తీసుకుని గేటు దగ్గరి నల్లబోర్డు మీద రాసేవారు. 'రేపు పాత షెడ్డు ఉంది' అయితే అక్షరాలు రోడ్డు మీది నుంచి కనబడేవి. 'లేదు' అయితే దగ్గరికి వెళ్తే గానీ కనబడనంత చిన్నగా, బోర్డులో ఒక మూలకు రాసేవారు. పొడుగాటి మనిషి, ఆ 'లేదు' రాయడానికి నడుం వంచేవారు. రాసి వెనక్కి చూడకుండా తన గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికేసుకుని ఒక్కరే డబ్బా విప్పి తినేవారు. 'ఉంది' రాసిన రోజు డబ్బా పట్టుకుని రేకుల నీడకు వచ్చి ఆడవాళ్ల పక్కనే కూర్చునేవారు. నలుగురి తొక్కులూ రుచి చూసి ఎవరిదాంట్లో ఉప్పు ఎక్కువైందో చెప్పి తిట్లు తినేవారు.

నేను హాజరు రాసే గదిలో ఉండేదాన్ని, ఆయన గది పక్కనే. ధర రాసే వేళ వచ్చిందంటే ఆయన బల్ల మీది ఫ్యాను కట్టేసేవారు. చెమటలు కారుతున్నా సరే. "బయటి గాలి ఇనబడాలె బిడ్డా" అనేవారు. నిజానికి మా గద్వాల గాలితో ఆయనకు పెద్ద పని లేదు. ఆయనకు కావలసిన గాలి పడమరన ఉండేది, కర్ణాటక గుట్టల మీద, వరసగా గాలిమరలు నిలబడ్డ చోట. అక్కడ ఒక చాయ్ కొట్టతను ఉండేవాడు. అతని నంబరు ఈయనకెలా దొరికిందో తెలియదు, ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. రోజూ తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి తన వచ్చీరాని కన్నడంలో "గాళి హ్యాంగైతి?" అని అడిగేవారు. అవతలి నుంచి "జోరైతి సార్" అని వినబడితే ఆయన భుజాలు కాస్త కిందికి దిగేవి. తర్వాత వాతావరణం మ్యాపులూ, నిన్నటి ధరలూ, ఇంకేవేవో చూసేవారు. కానీ ముందు ఆ ఫోనే.

ఎవరేమడిగినా ఆయన మొదటి మాట "తెల్వదు". "తెల్వదు, అందాజగ చెప్త" అనేవారు. ఎనిమిది వందల మంది ఉన్న మిల్లులో తెల్వదు అని ఒప్పుకునే మనిషి ఆయనొక్కరే అనిపించేది నాకు.

ఒక మధ్యాహ్నం రేకుల నీడలో బాలమ్మ అడిగింది. బాలమ్మ పాత షెడ్డులో అందరికంటే పెద్దది, నోరున్న మనిషి.

"సారూ, గాలొస్తే కరెంటు అగ్గువైతది అంటవ్. గాలికి రేటుకు ఏం సంబంధం?"

"పెబ్బేరు సంత చూసినవా బాలమ్మా?"

"చూసుడేంది, మా ఆయన ఆడనే పడుంటడు. పశువులను లారీలకెక్కిస్తడు. వారానికొక్కపారి ఇంటికొస్తడు."

"అయితే ఇను. సంతల ఇయ్యాల నూరు గొర్లు కావాలె అనుకో. గడ్డి కొని సాకినోడు పిరం చెప్తడు. గుట్టల మీద ఊకె మేపుకొచ్చినోడు ఎంతకైనా ఇస్త అంటడు. తక్కువ చెప్పినోళ్లయి ముందుగాల తీస్కుంటరు. గట్ల తీస్కుంట తీస్కుంట నూరో గొర్రె ఎంతకు దొరికిందో, అందరికీ గదే రేటు. గాలి కరెంటోడు గుట్ట మీద మేపినోడు. బొగ్గు కరెంటోడు గడ్డి కొన్నోడు. గాలి జోరుగున్న నాడు గాలోని గొర్లే మస్తుంటయి. పిరం చెప్పిన బొగ్గోడు వాపస్ పోతడు. నూరో గొర్రె అగ్గువకే దొరుకుతది."

"రేటు మంచిగ లేకుంటే గాలోడు కూడ ఇంటికి తోల్కపోవచ్చు గద?"

"గాలిని ఏడ కట్టేస్తవ్? ఆ గడియల అమ్మకుంటే పోయినట్టే."

బాలమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని అన్నది. "అంటే గాలి ఎంత జోరుగొస్తే గాలోడు గంత ఆగమైతడు. వాని గొర్లు ఎక్కువైతే వాని రేటే పడిపాయె."

సారు పడీ పడీ నవ్వారు. "నేను ఇంజినీర్లకు కూడ చెప్పిన గీ ముచ్చట. ఒక్కడు గీ మాట అనలేదు బాలమ్మా."

ఆ తర్వాత ఆమె గేటులోకి వస్తూనే "ఇయ్యాల ఎన్ని గొర్లొచ్చినయ్ సారూ?" అని కేకేసేది. ఆయన కిటికీలోంచి వేళ్లు చూపించేవారు.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. దారం రేటు పడిపోయింది. యజమాని సారును పిలిచి, కరెంటుకు పెట్టే ధర కొంచెం తగ్గించి రాయమన్నాడు. ఎంత తగ్గించాలో నువ్వే చూసుకో అన్నాడు. ఆ పొద్దున చాయ్ కొట్టతను "జోరైతి" అన్నాడు. మ్యాపుల్లో కూడా మర్నాటికి పడమటి నుంచి గట్టి గాలి కనబడుతోంది. గాలి అంత వస్తుంటే ధర ఎలాగూ బాగా కిందికి దిగుతుంది, మనం ఎంత రాసినా దొరుకుతుంది, యజమాని మాట నిలబెట్టినట్టూ ఉంటుంది అనుకుని సారు పది పైసలు తగ్గించి రాశారు.

గాలి వస్తుందన్నది నిజమే. కానీ అందరూ అనుకున్న దానికంటే ఒక పూట ఆలస్యంగా వస్తుందని సారు రాసి పంపాక వచ్చిన లెక్కల్లో తేలింది, అమ్మేవాళ్లు దాన్నిబట్టే రాశారు. మధ్యాహ్నం ధర చూస్తే, మా షిఫ్టు గంటలకు సారు రాసినదాని కంటే ఐదు పైసలు ఎక్కువ. ఆయన పది కాకుండా ఐదు పైసలే తగ్గించి ఉంటే పాత షెడ్డు నడిచేది. బోర్డు మూలకు వంగి 'లేదు' అని రాసి వచ్చారు.

మర్నాడు పొద్దున పాత షెడ్డు ఆడవాళ్లు కొందరు సీడు పత్తి చేలకు పనికి పోయారు. విత్తనాల కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని మా దగ్గర ఆ నెలల్లో బాగా దొరుకుతుంది. ఒక్క ఆటోలో పద్నాలుగు మంది. కాలువ మలుపు దగ్గర ఆటో బోల్తా పడింది. ఇద్దరికి చేతులు విరిగాయి. బాలమ్మను దవాఖానకు తీసుకుపోతుండగానే ప్రాణం పోయింది.

కబురు వచ్చినప్పుడు సారు కంప్యూటరు ముందున్నారు. బయట గాలి మొదలైంది. మిల్లు ఆవరణలో పత్తి పోగులు లేచి గోడలకు అంటుకుంటున్నాయి. ఆయన లేచి కిటికీ పట్టుకుని నిలబడ్డారు.

"ఐదు పైసలు బిడ్డా" అన్నారు. ఆ రోజు బోర్డు మీద ఏదీ రాయలేదు. ఆడవాళ్లెవరూ అడగలేదు కూడా.

నాలుగో రోజున ఆయన బాలమ్మ ఇంటికి పోదాం రమ్మన్నారు. పలకరింపుకే అనుకుని వెంట వెళ్లాను. బాలమ్మ భర్త వాకిట్లో గోడకానుకుని కూర్చున్నాడు. పెబ్బేరు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, తువ్వాలు కూడా మార్చలేదు. కొడుకు పక్కన నిలబడ్డాడు. కోడలు చంటిదాన్ని ఎత్తుకుని గడపలో ఉంది.

సారు కింద కూర్చున్నారు. పలకరింపులేమీ లేకుండా, తాను ఏం చేసిందీ చెప్పడం మొదలుపెట్టారు. సంత, గొర్రెలు, నూరో గొర్రె అని ఎంతమందికో చెప్పిన ముచ్చటే. ఆ రోజు ఆయనకు మాటలు కలవలేదు. గాలిని ముందు చెప్పి, ధరను తర్వాత చెప్పి, మళ్లీ మొదటికొచ్చి, తడబడ్డారు. నేల మీద వేలితో గీత గీసి, ఇది మేం రాసింది, ఇది తేలింది అన్నారు. బాలమ్మ భర్త ఆ రెండు గీతల మధ్య సందును చాలాసేపు చూశాడు.

"అంటే నువ్వు ఐదు పైసలు ఎక్కువ రాస్తే మా ఆమె మిల్లుకొస్తుండె. ఆటో ఎక్కకపోతుండె. గంతేనా?"

"గంతే" అన్నారు సారు.

అతను గొంతు పెంచలేదు. "ఇగ నువ్వు పో సారూ" అన్నాడు.

సారు లేచి రెండు చేతులూ జోడించి వెనక్కి తిరిగారు. నేను మాత్రం అక్కడే ఒక్క క్షణం ఆగాను, ఎందుకంటే గడపలో నిలబడ్డ కోడలు నన్నే చూస్తోంది. ఆమె ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. నేను ఎందుకు ఆగానో ఆమెకూ తెలుసు.

సారు ఆ 'లేదు' రాయడానికి ముందు, ఆ రోజు పొద్దున్నే, బాలమ్మ హాజరు వేయించుకుంటూ నాతో అన్న మాట ఇది: "రేపు నేను రాను బిడ్డా. షెడ్డు నడిచినా రాను, నడవకున్నా రాను. పత్తి చేనాయనకు మాటిచ్చిన, ఈ నాలుగు దినాలు ఆడనే." షెడ్డు ఉంటుందో లేదో తెలియని రోజుకు సెలవు రాయడమెందుకని నేను పుస్తకంలో రాయలేదు. ఆమె అంతకు ముందు రోజే మాటిచ్చింది. ఇంట్లో కోడలికి చెప్పింది. వారానికోసారి వచ్చే భర్తకు తెలియదు. సారు ఐదు పైసలు కాదు, ఐదు రూపాయలు ఎక్కువ రాసినా బాలమ్మ ఆ ఆటో ఎక్కేదే.

ఇదంతా అప్పటికే నేను దాచేసి ఉన్నాను. కబురొచ్చిన సాయంత్రమే మేనేజరు నన్ను పిలిచి అడిగాడు, ఆమె సెలవు పెట్టి పోయిందా, షెడ్డు లేక పోయిందా అని. షెడ్డు లేక పోయి ఉంటే మిల్లుకు బాధ్యత ఉంటుంది, కోడలికి కొత్త షెడ్డులో పర్మినెంటు పని ఇప్పించవచ్చు అన్నాడు. మంచివాడే. "షెడ్డు లేకనే పోయింది సార్" అన్నాను. సోమవారం కోడలు మేనేజరును కలవాలి; ఆ కబురూ, నేనేం చెప్పానో కూడా ఆమెకు నేనే అందించాను. మేం బాలమ్మ వాకిట్లో నిలబడ్డది శుక్రవారం.

గడపలో ఆ అమ్మాయి తల అడ్డంగా చాలా కొద్దిగా ఆడించింది. నేను బయటికి వచ్చేశాను.

సారుకు విడిగా చెప్పవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. చెప్పడానికి రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లాను. కానీ ఆ మనిషి తెల్వదు అనడానికి సిగ్గుపడని మనిషి, తెలిసింది దాచడం రాని మనిషి. చెబితే నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి, ఆమె సెలవులో ఉండె సార్, నా తప్పు కాదు అనకపోవచ్చు గానీ, అడిగితే అబద్ధం చెప్పలేరు. కోడలికి పని ఖాయమయ్యేదాకా ఆగుదాం అనుకున్నాను. ఖాయమైంది. ఏడాది నిండాలి, అప్పుడు తీసేయలేరు అనుకున్నాను. నిండింది. అప్పటికి, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి అన్నది అడ్డం వచ్చింది. రోజులు గడిచేకొద్దీ ఆ మాట నోట్లోంచి రావడం కష్టమైంది. ఆయన చిక్కిపోవడం మాత్రం నా కళ్ల ముందే జరిగింది.

చాయ్ కొట్టతనికి ఫోన్ చేయడం మానేశారు. అతనే రెండు మూడుసార్లు చేశాడు, ఈయన ఎత్తలేదు. ధర రాసి పంపే ముందు నన్ను పిలిచి అంకె చూపించేవారు. "సరిగ్గనే ఉన్నదా బిడ్డా?" నాకేం తెలుస్తుంది? ఉంది సార్ అనేదాన్ని. పంపాక కూడా ఆ అంకెనే చూస్తూ కూర్చునేవారు. రేకుల నీడకు రావడం కూడా మానేశారు. 'ఉంది' రాసినా 'లేదు' రాసినా అక్షరాలు ఒక్క తీరుగానే ఉండేవి.

కొన్నాళ్లకు యజమాని ఆ పని హైదరాబాదులో ఒక ఏజెన్సీకి అప్పగించాడు. ఇంకొన్నాళ్లకు పాత షెడ్డునే మూసేసి మిషన్లు తుక్కుకింద అమ్మేశాడు. సారు ఆఖరి ఆరు నెలలు స్టోరు గదిలో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరయ్యారు. ఉప్పునుంతల దగ్గర సొంత ఊరికి వెళ్లిపోతున్నారు. ఆ రోజు బస్సు దాకా నేను కూడా వెళ్లాను. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇక మిల్లుతో ఆయనకు పని లేదు అని గట్టిగా అనుకునే వెళ్లాను.

బస్సు కోసం నిలబడి ఉండగా ఆయనే అడిగారు. "బాలమ్మ కోడలు మంచిగ చేస్తుందా?"

"మంచిగనే చేస్తుంది సార్. మొన్న పెద్దోన్ని బడిల ఏసింది."

ఆయన తల ఊపారు. ఆ ముఖంలో చాలా కాలం తర్వాత కాస్త వెలుగు చూశాను. "నా తప్పుల గదొక్కటే మంచిగయింది బిడ్డా. ఆ పిల్లకు నౌకరి దొరికింది."

నేను ఏం చెప్పబోయానో అది లోపలే ఉండిపోయింది. ఆ నౌకరీ ఆయన తప్పు మీద నిలబడి ఉంది, ఆ తప్పు లేదని నేనెలా చెప్పాలి? వచ్చే పండగకు ఊరికి వెళ్లి, తీరుబడిగా కూర్చుని చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత నేను కూడా మిల్లు మానేసి నాగర్‌కర్నూల్ వచ్చాను. ఉప్పునుంతల ఎంత దూరమని, పొద్దున పోతే మధ్యాహ్నానికి రావచ్చు. రెండు పండగలు పోయాయి.

బస్టాండులో ఆ కబురు విన్న మూడో రోజు వెళ్లాను. ఆయన భార్య నన్ను చూడగానే గుర్తుపట్టింది. మిల్లు వాళ్లలో వచ్చింది నేనొక్కదాన్నేనట. చాప వేసి కూర్చోబెట్టి, ఆఖరి రోజు సంగతి చెప్పింది. పొద్దున స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడట. చల్ల తెమ్మన్నాడట, తెచ్చేసరికి ఒరిగిపోయి ఉన్నాడట.

"మిల్లు ముచ్చట చెప్పకపోతుండె. ఒక్కపారే అన్నడు, ఒకామెను సంపిన అని. నేను మస్తు కొట్లాడిన, గదేం మాట అని. మల్ల అనలే. గని మనిషి మనిషి లెక్క లేకుండె బిడ్డా."

అప్పుడు చెప్పేశాను. బాలమ్మ ఆ పొద్దున నాతో అన్న మాట, మేనేజరుకు నేను చెప్పింది, గడపలో కోడలు, బస్సు దగ్గర ఆయన అన్నది, అంతా. ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది.

"ఆయనకు చెప్పలే."

"చెప్పలేదమ్మా."

"మరి నాకెందుకు చెప్పినవ్?" అన్నది. కోపం లేదు ఆ గొంతులో, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "ఆయన పోయిండు. ఇగ నేనేం జేసుకోవాలె దీన్ని?"

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఏడుపు వినబడలేదు, నీళ్ల చప్పుడు వినబడింది. కాసేపటికి ముఖం కడుక్కుని, గ్లాసుడు చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను తాగేదాకా పక్కనే కూర్చుంది.

"ఆ పిల్లకు ఎంతమంది పిల్లలిప్పుడు?"

"ఇద్దరమ్మా."

"ఈయన పోయిండని ఆ పిల్లకు తెల్సా?"

"తెల్వదనుకుంట."

"చెప్పకు" అన్నది. "తెలిస్తే మనసుల పెట్టుకుంటది. ఆయన గట్ల పోయె. ఆ పిల్లన్న మంచిగుండనీ."

సరే అన్నాను. దాచుకోవలసిన మాట ఇంకొకటి తీసుకుని ఆ ఊరి నుంచి వచ్చేశాను.